25 వేల రూపాయల్లో ఓసిలోస్కోప్: చెరువు గట్టు మీద రీసెట్ అవుతున్న పెట్టె కోసం ఏది కొనాలి?

గోదావరి_గట్టు

సభ్యులందరికీ నమస్కారం. నేను భీమవరం దగ్గర ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఎలక్ట్రానిక్స్ నాకు సెలవు రోజుల వ్యాపకం. మా బావమరిది రొయ్యల చెరువు కోసం నీటి ఉష్ణోగ్రతను, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి ఫోనుకు పంపే పెట్టె ఒకటి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ చిప్పు) మాడ్యూల్‌తో చేసి ఇచ్చాను. ఇంట్లో బల్ల మీద వారం రోజులు ఆగకుండా పనిచేసిన ఆ పెట్టె, చెరువు గట్టు మీద బిగించిన నాటి నుంచి రోజుకు నాలుగైదు సార్లు దానంతట అదే రీసెట్ అవుతోంది. ఏరేటర్లతో ఏదో సంబంధం ఉందని మా వాడి అనుమానం, కానీ ఏరేటర్ వేసిన ప్రతిసారీ ఇలా జరగడం లేదు. మల్టీమీటరు పెట్టి చూస్తే 3.3 వోల్టుల లైను 3.29 దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

ఇక ఓసిలోస్కోప్ (వోల్టేజీ క్షణక్షణం మారే తీరును తెర మీద గీసి చూపే పరికరం) కొనక తప్పదనిపిస్తోంది. 25 వేల వరకు పెట్టగలను. ఈఎస్‌పీ32 లోపలి గడియారం 240 మెగాహెర్ట్జ్ కదా, అంటే అంతకు మించిన స్కోపు కావాలా? రెండు చానెళ్లు (ఒకేసారి చూడగల సంకేతాలు) చాలా, నాలుగు ఉండాలా? ఇక్కడ ఒక పాలిటెక్నిక్‌లో తీసేసిన 20 మెగాహెర్ట్జ్ సీఆర్ఓ (గొట్టం తెర ఉండే పాతకాలపు ఓసిలోస్కోప్) ఒకటి 5 వేలకు వస్తుందంటున్నారు. అది తీసుకుని మిగిలిన డబ్బు దాచుకోవడం మంచిదా? ఈ మూడింటి మీదా మీ సలహా కోరుతున్నాను.

నానోసెకను

గోదావరి గట్టు గారూ, స్కోపు గురించి మాట్లాడుకునే ముందు ఒక్క పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి. పెట్టెకు లాప్‌టాప్ తగిలించి, రీసెట్ అయిన వెంటనే సీరియల్ మానిటర్‌లో మొదట ఏమి ముద్రితమవుతోందో చూడండి. సరఫరా వోల్టేజీ కుంగితే బ్రౌనౌట్ డిటెక్టర్ పనిచేసిందని అందులో స్పష్టంగా వస్తుంది. పవర్ ఆన్ రీసెట్ అని వస్తే కథ వేరు, వాచ్‌డాగ్ (ప్రోగ్రాము ఇరుక్కుపోతే రీసెట్ చేసే కాపలా) అని వస్తే మీ ప్రోగ్రామును అనుమానించాలి. ఈ సమాధానాన్ని బట్టి మనం వెతకవలసిన తరంగం మారుతుంది, దానితో కొనవలసిన స్కోపూ మారవచ్చు.

240 మెగాహెర్ట్జ్ గురించి మీరు పడుతున్న భయం అక్కర్లేనిది, ఎందుకంటే ఆ గడియారం చిప్పు లోపలే ఉంటుంది, మీ ప్రోబ్‌కు (స్కోపు కొలిచే మొనకు) అందే కాళ్ల (పిన్నుల) మీదకు రాదు. మీకు బయట కనిపించే సమాచార మార్గాలు 115200 బాడ్ సీరియల్ (అందులో ఒక్కో బిట్ 8.68 మైక్రోసెకన్లు), 100 లేదా 400 కిలోహెర్ట్జ్ ఐ2సీ, మహా అయితే కొన్ని మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ. అయితే ఫ్రీక్వెన్సీ కన్నా అంచు, అంటే వోల్టేజీ లేచే లేదా పడే చోటు, ఎంత నిటారుగా ఉందన్నదే ఎక్కువ ముఖ్యం. స్కోపు చూపగలిగే అత్యంత వేగమైన అంచును లెక్కగట్టడానికి 0.35ని బ్యాండ్‌విడ్త్‌తో (స్కోపు చూపగల ఫ్రీక్వెన్సీ హద్దుతో) భాగిస్తే చాలు: 20 మెగాహెర్ట్జ్‌కు 17.5 నానోసెకన్లు, 50కి 7, 100కి 3.5 వస్తాయి. ఇంకో విషయం, 100 మెగాహెర్ట్జ్ స్కోపు అంటే 100 దగ్గర కూడా ఉన్నది ఉన్నట్టు చూపుతుందని అర్థం కాదు. అక్కడ సైన్ తరంగం ఎత్తు అసలు ఎత్తులో 70.7 శాతానికి పడిపోయి ఉంటుంది.

పాత_సీఆర్ఓ

నేను 31 ఏళ్లు పాలిటెక్నిక్ ప్రయోగశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. 20 మెగాహెర్ట్జ్ డ్యూయల్ ట్రేస్ సీఆర్ఓను ఇక్కడ చాలామంది ముసలి గుర్రంలా చూస్తారు, కానీ ట్రిగ్గర్ (ఏ వోల్టేజీ దగ్గర బొమ్మ గీయడం మొదలుపెట్టాలో చెప్పే అమరిక) లెవెల్ గుండ్రటి బొత్తాన్ని వేళ్లతో తిప్పి, పరుగెత్తే తరంగాన్ని తెర మీద నిలబెట్టినవాడికి ఆ తర్వాత ఏ యంత్రమూ కొత్తగా అనిపించదు. ఆటో బటన్ నొక్కి బొమ్మ రప్పించుకునే నేటి పిల్లలకు ట్రిగ్గర్ అంటే ఏమిటో తెలియకుండానే డిగ్రీ పూర్తవుతోంది. పైగా ఆడియో ఆంప్లిఫయర్‌లో సన్నటి వక్రీకరణ, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రు వంటివి ఫాస్ఫర్ తెర మీద కనిపించినంత హాయిగా చౌక డిజిటల్ తెరల మీద కనిపించవు.

అయినా నిజం ఒప్పుకోవాలి. పునరావృతం కాని సంఘటన సాదా సీఆర్ఓ తెర మీద ఒక్క మెరుపుగా వచ్చి పోతుంది; దాన్ని పట్టి ఉంచే జ్ఞాపకశక్తి ఆ గొట్టానికి లేదు. రోజుకు నాలుగుసార్లు, ఎప్పుడో తెలియకుండా వచ్చే మీ జబ్బుకు అది మందు కాదు. 5 వేలకు నేర్చుకోవడానికైతే కొనండి, ఈ పెట్టె కోసమైతే వద్దు.

కోఠి_సోల్డర్

మాస్టారూ, మాది కోఠి గుజరాతీ గల్లీ దగ్గర రిపేరు షాపు. టీవీలు, ఇన్వర్టర్లు, ఇండక్షన్ స్టవ్‌లు చూస్తాం. ముందుగా ఒక ప్రశ్న: ఏరేటర్ మొదలైనప్పుడు రీసెట్ అవుతోందా, ఆగినప్పుడా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొదలైనప్పుడైతే మోటారు ఒక్కసారిగా లాగే కరెంటుకు లైను వోల్టేజీ కుంగి మీ అడాప్టర్ తడబడుతూ ఉండవచ్చు. ఆగినప్పుడైతే స్టార్టర్ లోపలి కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపి తెంపే అయస్కాంత స్విచ్చు) కాయిల్‌ను అనుమానించాలి. కాయిల్ కరెంటు తెగిన క్షణంలో అందులో దాగి ఉన్న శక్తి ఎటో ఒకవైపు పోవాలి కనుక, తెరుచుకుంటున్న కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలుగా పేలి చుట్టుపక్కల తీగలన్నింటిలోకీ చొరబడుతుంది. ప్రతిసారీ ఎందుకు అవ్వదంటే, 50 హెర్ట్జ్ తరంగంలో కాయిల్ ఏ క్షణాన తెగిందనేదాన్ని బట్టి ఆ దెబ్బ పెద్దదో చిన్నదో అవుతుంది. ఇన్వర్టర్ రిలేల దగ్గర ఈ జబ్బును నేను లెక్కలేనన్ని సార్లు చూశాను.

ఇక స్కోపు మాటకొస్తే, అట్ట పెట్టె మీద రాసిన అంకెలను నమ్మవద్దని మాత్రం చెప్పగలను. 100 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్న పలకలాంటి చౌక స్కోపు ఒకటి కొని, సిగ్నల్ జనరేటర్ నుంచి 30 మెగాహెర్ట్జ్ ఇచ్చి చూస్తే తరంగం అప్పటికే సగానికి కుంగిపోయింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. కొన్న రోజే ఇలా పరీక్షించి వెనక్కి ఇచ్చే వీలున్న చోట మాత్రమే కొనండి.

గోదావరి_గట్టు

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆదివారం కావడంతో లాప్‌టాప్ పట్టుకుని గట్టు మీదే కూర్చున్నాను. మూడు రీసెట్లు పట్టుకోగలిగాను, మూడింటికీ సీరియల్ మానిటర్‌లో పవర్ ఆన్ రీసెట్ అనే వచ్చింది; బ్రౌనౌట్ మాటే లేదు. కోఠి సోల్డర్ గారు ఊహించినట్టే మూడూ ఏరేటర్‌ను ఆపినప్పుడే జరిగాయి. వేసినప్పుడు ఒక్కసారి కూడా కాలేదు. చాలా సిగ్గుతో ఇంకో సంగతి చెప్పాలి. పెట్టె బయట నుంచి రీసెట్ చేసే వీలుండాలని ఈఎన్ కాలి (చిప్పును ఆన్, రీసెట్ చేసే పిన్ను) నుంచి సుమారు 60 సెంటీమీటర్ల తీగ లాగి బటన్ పెట్టాను. ఆ తీగ, స్టార్టర్ కాయిల్ తీగ ఒకే గొట్టంలో వస్తున్నాయి.

నానోసెకను

సగం రోగం మీరే చెప్పేశారు. ఈఎస్‌పీ32లో ఈఎన్ కాలు కిందికి పడి లేస్తే, అది కరెంటు పోయి వచ్చినట్టే భావించి పవర్ ఆన్ రీసెట్ అని రాస్తుంది. ఈఎన్ దగ్గర 10 కిలోఓమ్ పుల్-అప్ (కాలిని పై వోల్టేజీకి లాగి ఉంచే నిరోధకం), 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టమని తయారీదారు మార్గదర్శకాల్లో ఉంటుంది. మీ బోర్డు మీద కెపాసిటర్ ఉందా?

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, ఏ స్కోపు అన్నది, ఇప్పుడు స్పష్టంగా మాట్లాడుకోవచ్చు. కాంటాక్టర్ల వల్ల పుట్టే ఈ రకం విద్యుత్ దెబ్బలను ప్రయోగశాలల్లో పరీక్షించడానికి ఐఈసీ 61000-4-4 అనే ప్రమాణం ఉంది. అందులో ఒక్కో ముల్లు (క్షణంలో లేచి పడే వోల్టేజీ పొడుపు) 5 నానోసెకన్లలో లేచి, సుమారు 50 నానోసెకన్ల వెడల్పు ఉంటుంది; అలాంటివి గుంపులు గుంపులుగా వస్తాయి. 100 మెగాహెర్ట్జ్ స్కోపులో ఆ 5 నానోసెకన్ల అంచు 6.1గా, 50లో 8.6గా, 20లో 18.2గా కనిపిస్తుంది. అంటే 20 మెగాహెర్ట్జ్‌లో కూడా ముల్లు మాయమవదు, మొన మొద్దుబారుతుంది, అంతే. అదే 200 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్, సెకనుకు 10 లక్షల నమూనాలు తీసే డీఎస్ఓ138 అనే చిన్న స్కోపు కిట్‌నైతే ఈ పనికి వాడలేం. ఒక నమూనాకూ మరో నమూనాకూ మధ్య మైక్రోసెకను ఖాళీలో ఇలాంటి ముళ్లు ఇరవై దూరిపోతాయి.

చాలామంది పట్టించుకోని అంకె మెమరీ లోతు. 40 వేల పాయింట్ల మెమరీ ఉన్న స్కోపుతో ఒక సెకను మొత్తాన్ని తెర మీద చూడాలనుకుంటే, పెట్టె మీద సెకనుకు 100 కోట్ల నమూనాలని రాసి ఉన్నా, అది నిజానికి 25 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున మాత్రమే తీస్తుంది. 1 కోటీ 20 లక్షల పాయింట్లున్న స్కోపు పూర్తి వేగంతో 12 మిల్లీసెకన్లు పట్టుకుంటుంది. కానీ మీ విషయంలో దానికన్నా ట్రిగ్గరే దిక్కు: ఈఎన్ తీగ మీద ప్రోబ్ పెట్టి, కిందికి పడే అంచు మీద 2 వోల్టుల దగ్గర ట్రిగ్గర్ పెట్టి, సింగిల్ నొక్కి మీరు టీ తాగి రావచ్చు. సంఘటనకు ముందు ఏం జరిగిందో కూడా డిజిటల్ స్కోపు దాచి ఉంచుతుంది. అందుకే సింగిల్ షాట్ సరిగా పనిచేసే ఏ మంచి రెండు చానెళ్ల స్కోపైనా ఈ దొంగను పట్టిస్తుంది.

టెక్సాస్_తీగ

నేను డాలస్ దగ్గర ఉంటాను, ఇక్కడి ధరలు మీకు అంతగా పనికిరావు కానీ, నమూనాల గురించి నాలుగు మాటలు. హాబీవాళ్ల చేతికి నాలుగు చానెళ్లను అందించింది రైగాల్ డీఎస్1054జెడ్ అనే చెప్పాలి. 50 మెగాహెర్ట్జ్, ఒక చానెల్ మీద సెకనుకు 1 గిగా నమూనాలు. నాలుగూ వేస్తే అవి పంచుకుని తలా 250 మెగా మిగులుతాయి. ఈ పంపకం గురించి పెట్టె మీద చిన్న అక్షరాల్లో కూడా ఉండదు, కాబట్టి ఏ స్కోపు కొన్నా అన్ని చానెళ్లూ వేసినప్పుడు నమూనాల వేగం ఎంతో అడగండి. ఇప్పుడైతే 12 బిట్ల స్కోపులు వచ్చేశాయి: రైగాల్ డీహెచ్ఓ804, సిగ్లెంట్ ఎస్‌డీఎస్804ఎక్స్ హెచ్‌డీ రెండూ 70 మెగాహెర్ట్జ్, నాలుగు చానెళ్లవే. పాత 8 బిట్ల స్కోపులో 8 వోల్టుల తెరను 256 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు 31 మిల్లీవోల్టులు; 12 బిట్లలో 4096 మెట్లు కనుక 2 మిల్లీవోల్టుల దగ్గరికి వస్తుంది. సెన్సార్ ఇచ్చే చిన్న సంకేతాలు, పవర్ సప్లై రిపుల్ చూసేవారికి ఇది పెద్ద వరం. నా సలహా అయితే, ఇంకొన్నాళ్లు ఆగి, డబ్బు కూడబెట్టి 12 బిట్లే కొనండి. మళ్లీ పదేళ్లు స్కోపు ఊసెత్తరు.

కోఠి_సోల్డర్

టెక్సాస్ తీగ గారి మాటను కాదనలేను కానీ, ఇక్కడ సుంకం, జీఎస్టీ, పంపిణీదారుడి లాభం కలిశాక ఆ రెండూ మాస్టారి బడ్జెట్ దాటి చాలా దూరం వెళ్తాయి. బయటి దేశం నుంచి సూట్‌కేసులో తెప్పించుకుంటే వారంటీ మాట మర్చిపోవాలి. ముల్లును పట్టుకోవడానికి 12 బిట్లు ఎందుకు? 3.3 వోల్టుల తీగ సున్నాకు పడిందా లేదా అన్నది 8 బిట్లకు చక్కగా తెలుస్తుంది.

బిట్ల కన్నా ముందు చెప్పవలసింది ఎర్త్ గురించి, దీన్ని మాత్రం దయచేసి అందరూ చదవండి. కరెంటుకు తగిలించే బల్ల మీది స్కోపులో ప్రోబ్ నల్ల క్లిప్పు నేరుగా గోడ ప్లగ్గు ఎర్త్ పిన్నుకు కలిసి ఉంటుంది. మా షాపులో పనిచేసిన కుర్రాడు ఒకడు ఇండక్షన్ స్టవ్ బోర్డులో బ్రిడ్జ్ మైనస్‌కు ఆ క్లిప్పు తగిలించాడు. అది పేరుకు మైనస్ అయినా ఎర్త్‌తో పోలిస్తే కరెంటు ఉన్న చోటే. బ్రిడ్జ్ డయోడ్ గుండా నేరుగా షార్ట్ అయి, క్లిప్పు మొన కరిగి, ఎంసీబీ పడిపోయింది. కుర్రాడికి ఏమీ కాలేదు, స్కోపు ఇన్‌పుట్ మాత్రం పోయింది. ఇలాంటి పనికి ఎర్త్ పిన్ను విరగ్గొట్టి స్కోపును ఎర్త్ లేకుండా గాల్లో తేల్చేస్తారు కొందరు. అప్పుడు స్కోపు ఇనుప ఒళ్లంతా 325 వోల్టుల దాకా ఎక్కి కూర్చుంటుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను రిపేరు చేసే వస్తువుకు పెట్టాలి, స్కోపుకు కాదు. లేదా డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌తో సంబంధం లేకుండా రెండు చోట్ల మధ్య తేడాను కొలిచేది) వాడాలి. మాస్టారూ, మీ పెట్టె 5 వోల్టుల అడాప్టర్ తర్వాత ఉంది కనుక భయం తక్కువ, కానీ స్టార్టర్ పెట్టెలోకి, ఆ 415 వోల్టుల వైపు ప్రోబ్ పెట్టకండి.

పాత_సీఆర్ఓ

గట్టు మీద తడి నేల, పక్కనే త్రీ ఫేజ్ స్టార్టర్ అంటున్నారు కనుక బ్యాటరీతో నడిచే చేతి స్కోపు మీదకు మనసు పోవచ్చు. అది ఎర్త్‌తో కలిసి ఉండదు, నిజమే. కానీ చాలా చేతి స్కోపుల్లో రెండు ప్రోబ్‌ల నల్ల క్లిప్పులు లోపల ఒకటే అని మర్చిపోకూడదు. ఒకటి కరెంటు ఉన్న చోట తగిలిస్తే రెండోదానికీ, ప్రోబ్ తగిలించే బీఎన్‌సీ సాకెట్ అంచుకూ కరెంటు ఎక్కినట్టే.

గోదావరి_గట్టు

మా కళాశాలలో డిజిటల్ స్కోపు లేదు కానీ, ఒక ఇంజినీరింగ్ కళాశాల మిత్రుడు రెండు చానెళ్ల 100 మెగాహెర్ట్జ్ స్కోపు మూడు రోజులకు ఇచ్చాడు. నానోసెకను గారు చెప్పినట్టు ఒక ప్రోబ్ 3.3 వోల్టుల మీద, రెండోది ఈఎన్ మీద పెట్టి, ఏరేటర్‌ను ఆపించాను. మొదటి దెబ్బకే తెర నిండా పెద్ద ముళ్ల కంచె కనిపించింది. రెండు చానెళ్ల మీదా ఉంది. 3.3 వోల్టుల మీద కూడా 4 వోల్టుల ఎత్తు ముళ్లు లేచి పడుతున్నాయి. ఇంత జరుగుతుంటే చిప్పు ఎలా బతికి ఉందో నాకు అర్థం కాలేదు.

నానోసెకను

అది చిప్పు మీద ఉన్నది కాకపోవచ్చు, మీ ప్రోబ్ గాలిలోంచి పట్టుకున్నది కావచ్చు. ప్రోబ్ మొనను, నల్ల క్లిప్పును రెండింటినీ బోర్డు గ్రౌండ్‌లో ఒకే చోట తగిలించి మళ్లీ ఆపించి చూడండి. అక్కడ సున్నా రావాలి. రాకపోతే, వచ్చినంతా ఆ 15 సెంటీమీటర్ల నల్ల తీగ ఒక ఏరియల్ చుట్టలా పట్టుకున్న గోల. క్లిప్పు తీసేసి, ప్రోబ్‌తో వచ్చే చిన్న స్ప్రింగును మొన పక్కనే పెట్టి కొలవండి. ప్రోబ్ 10ఎక్స్‌లోనే (సంకేతాన్ని పదో వంతుకు తగ్గించే అమరికలో) ఉండాలి. 1ఎక్స్‌లో పెడితే బ్యాండ్‌విడ్త్ కొన్ని మెగాహెర్ట్జ్‌కు పడిపోవడమే కాక, కేబుల్ కెపాసిటెన్స్ అంతా మీ ఈఎన్ తీగ మీదే పడి, కొలిచినంత సేపు రోగాన్ని దాచేస్తుంది.

గోదావరి_గట్టు

మీరు చెప్పింది అక్షరాలా నిజం. గ్రౌండ్ మీద గ్రౌండ్ కొలిచినా 2 వోల్టుల ముళ్లు వచ్చాయి! 30 ఏళ్లుగా పిల్లలకు ఫారడే ప్రేరణ నియమం చెబుతున్నవాడిని, ప్రోబ్ తీగే ఒక చుట్ట అని నాకు తట్టలేదు. స్ప్రింగు పెట్టాక 3.3 వోల్టుల లైను దాదాపు ప్రశాంతంగా ఉంది. ఈఎన్ మాత్రం కాంటాక్టర్ తెగిన క్షణం నుంచి సుమారు ఒక మిల్లీసెకను పాటు పడి లేస్తూ, ఒకచోట 60 మైక్రోసెకన్లకు పైగా వోల్టు లోపే ఉండిపోయింది. 12 సార్లు ఆపిస్తే 5 సార్లు ఇలా పడింది, ఆ ఐదు సార్లూ రీసెట్ అయింది. కెపాసిటర్ సంగతి అడిగారు కదా, అది నా బోర్డు మీద అసలు లేదు.

ఈఎన్ కాలి పక్కనే 1 మైక్రోఫారడ్ పెట్టి, బటన్ తీగను గొట్టంలోంచి తీసి పెట్టె మూతకే బిగించాను. స్టార్టర్ పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే చేయించి, కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 స్నబ్బర్ (ఆ దెబ్బను మింగే నిరోధకం, కెపాసిటర్ జత) వేయించాను. గత 9 రోజుల్లో ఒక్క రీసెట్ కూడా లేదు.

టెక్సాస్_తీగ

అభినందనలు. స్కోపు కొనకుండానే పని అయిపోయింది, ఇప్పుడు ఏం చేస్తారు?

గోదావరి_గట్టు

కొంటాను. అరువు స్కోపు తిరిగి ఇచ్చిన రోజు చేతులు కట్టేసినట్టయింది. రెండు చానెళ్లు, 100 మెగాహెర్ట్జ్, 80 లక్షల పాయింట్ల మెమరీ ఉన్న ఒక 8 బిట్ల స్కోపును, ఇక్కడే వారంటీ ఇచ్చే దుకాణం నుంచి 21 వేల చిల్లరకు ఖాయం చేసుకున్నాను. రెండు ప్రోబ్‌ల మీదే ఇంత నేర్చుకున్నాను కనుక నాలుగు చానెళ్లు ఇప్పట్లో అక్కర్లేదనిపించింది. ఎస్‌పీఐ వంటివి చూడవలసి వస్తే, 24 మెగాహెర్ట్జ్ 8 చానెళ్ల లాజిక్ ఎనలైజర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్ ఉచితం. 12 బిట్ల విషయంలో టెక్సాస్ తీగ గారితో నేను ఏకీభవించలేకపోయాను, క్షమించాలి.

టెక్సాస్_తీగ

క్షమించడానికేముంది, ఆక్సిజన్ సెన్సార్ సంకేతంలో గోల ఎక్కడిదని రెండేళ్ల తర్వాత మీరే వచ్చి అడుగుతారు.

పాత_సీఆర్ఓ

పెట్టె విప్పగానే మొదటి పని ప్రోబ్ సవరణ. ముందు పలక మీద ఉండే 1 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగానికి ప్రోబ్ తగిలించి, ప్రోబ్ మీది చిన్న స్క్రూను ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. మూలలు కొమ్ముల్లా లేస్తే ఎక్కువైంది, గుండ్రంగా వంగితే తక్కువైంది. ఒక ప్రోబ్‌ను ఒక చానెల్‌కు సవరించాక దాన్ని రెండో చానెల్‌కు మార్చితే మళ్లీ చూసుకోవాలి. రంగు ఉంగరాలు ఇచ్చేది అందుకే. స్ప్రింగులు ఉన్న చిన్న సంచిని పారేయకండి బాబూ, మా ల్యాబ్‌లో 40 ప్రోబ్‌లకు చివరికి ఒక్క స్ప్రింగు కూడా మిగల్లేదు.